ప్రేమకు అడ్డుపడేది ఎవరు?

చిట్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లకు సంబంధాలు వచ్చి వచ్చి వెనక్కి పోతుంటే ఇంట్లో పెద్దామె ఒక మాట అంటుంది: "రుక్మిణీ కల్యాణం చదువు బిడ్డా, అన్నీ అయే సర్దుకుంటయ్." భూపాలపల్లి వైపే కాదు, జనగామ, మహబూబాబాద్ వైపూ అంతే. ఆ మాటకొస్తే తెలుగు మాట్లాడే ఏ జిల్లాలోనూ ఈ సలహా కొత్తది కాదు. పొద్దున్నే తలస్నానం చేసి, దీపం ముట్టించి, మండలం రోజులు చదవాలంటారు. పుస్తకం చిన్నది, తిరునాళ్లలో కూడా దొరుకుతుంది. పద్యం నోటికి తిరగకపోతే వచనం చదివినా ఫలితం ఉంటుందని ఊరడిస్తారు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ పుస్తకం చేతికిచ్చే తల్లి కోరుకునేది ఇంటిపెద్దలు కుదిర్చిన సంబంధం. పుస్తకంలో ఉన్నదేమో ఇంటిపెద్ద కుదిర్చిన సంబంధాన్ని కాలదన్నిన పిల్ల కథ. ఆ పిల్ల కళ్లతో చూడని మగవాడికి రహస్యంగా కబురు పంపుతుంది. తనను ఎక్కడికి వచ్చి, ఎప్పుడు, ఎలా ఎత్తుకుపోవాలో తనే చెబుతుంది. పెళ్లికి ముందురోజు గౌరీపూజ అని గుడికి వెళ్లి, తిరిగి వస్తూ రథమెక్కి వెళ్లిపోతుంది. పిల్లకు బుద్ధిగా పెళ్లి కుదరాలని ఈ కథను మొక్కుగా చదివించిన జాతి మరొకటి ఉంటుందా అన్నది అనుమానమే.

తెలుగువాళ్లు ఇది గమనించక చేస్తున్నారనుకుంటే పొరపాటు. ఐదు వందల ఏళ్లకు పైగా చదువుతున్న కథ ఇది. ఎక్కడ ఏముందో అందరికీ తెలుసు. అడ్డంకులు దాటిన ప్రేమకు ఏదో మహిమ ఉందని, ఆ మహిమ తమ ఇంటికీ కాస్త సోకాలని వాళ్ల ఆశ. ఆ మహిమ ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న. అడ్డంకి వల్ల ప్రేమ గట్టిపడుతుందా? గట్టి ప్రేమ కాబట్టి అడ్డంకిని తట్టుకుంటుందా? ఇంతకూ అడ్డంకి పెట్టేది ఎవరు?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి చిట్యాల వాళ్లు దూరం పోనక్కర్లేదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. భాగవతాన్ని తెనిగించిన పోతన ఇంటిపేరుకు మూలమైన ఊరు. అక్కడ పోతన సమాధి అని ఒక చోటు చూపిస్తారు, ఆయన దున్నిన పొలం ఇదేనంటారు. పోతన చెప్పుకున్న ఏకశిలానగరం తమదేనని కడప జిల్లా ఒంటిమిట్ట వాళ్లకూ ఒక వాదన ఉంది. ఆ పంచాయితీ తెగేది కాదు, తెగకపోయినా నష్టమేమీ లేదు. మండల కేంద్రమైన పాలకుర్తి ఇంకా పాత పేరు. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు. రెండు వందల ఏళ్ల ఎడంతో ఇద్దరు మహాకవులు, ఒకరు శివుడిని, ఒకరు విష్ణువును పట్టుకున్నవారు, పక్కపక్క ఊళ్ల వాళ్లయ్యారు. ఇద్దరూ ప్రేమ గురించే రాశారు. ఇద్దరికీ తట్టిన జవాబులో పోలిక ఉంది, అది తర్వాత.

ముందు పోతన సంగతి. భాగవతం కంటే ముందు ఆయన భోగినీ దండకం రాశాడని చెబుతారు. ఆయనది కాదనే పండితులూ ఉన్నారు. అందులో ఒక వేశ్య కూతురు రాచకొండ రాజైన సర్వజ్ఞ సింగభూపాలుణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. తల్లి వద్దంటుంది. మన కులానికి ప్రేమ ఏమిటే అన్నది ఆమె బాధ. కూతురు వినదు. చివరికి రాజు ఆమెను చేపడతాడు. రాజాస్థానానికి తగిన చిన్న శృంగార రచన అది, లోతులకు పోదు. కాని ఒకటి గమనించాలి. ఇంట్లో పెద్దలు వద్దన్నా వినని ఆడపిల్ల పోతన కలానికి అప్పటికే అలవాటైంది. వేశ్యావాడలోని ఆ పిల్లే కొన్నేళ్ల తర్వాత విదర్భ రాజకుమారిగా తిరిగొచ్చిందేమో. అదే సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమిమ్మంటే పోతన ఒప్పుకోలేదని, కోపంతో రాజు గ్రంథాన్ని పాతిపెట్టించాడని, అందుకే కొన్ని భాగాలు శిథిలమయ్యాయని ఒక కథ. కథ మాట ఎలా ఉన్నా, ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, చివరి రెండూ నారయ పూరించారన్నది నిజం. మన అదృష్టం, దశమ స్కంధం పోతన చేతిదే మిగిలింది.

రుక్మిణి ప్రేమ చెవితో మొదలవుతుంది. ఆమె కృష్ణుణ్ణి చూడలేదు. తండ్రి ఇంటికి వచ్చిపోయేవాళ్లు చెప్పుకున్న మాటలు విన్నది. ఈనాటి పాఠకుడికి ఇది నమ్మశక్యం కాని అమాయకత్వంలా కనిపించవచ్చు. భాగవతం లెక్క వేరు. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది రకాల భక్తిలో మొదటిది వినడమే. కాబట్టి ఆ పిల్ల ప్రేమలో పడటమూ, భక్తురాలు కావడమూ ఒకే తలుపు గుండా జరిగాయి. ఆ రెంటినీ పోతన విడదీయడు, విడదీయమని అడిగినా ఆయనకు అర్థం కాదేమో.

అడ్డుపడినవాడు సొంత అన్న. రుక్మికి చేది రాజు శిశుపాలుడితో పొత్తు కావాలి, చెల్లెలు ఆ పొత్తుకు ముడి. తండ్రి భీష్మకుడికి మనసులో ఏమున్నా కొడుకు మాట కాదనలేడు. ఈ తండ్రిని మనం గుర్తుపట్టవచ్చు. ఊరూరా ఉన్నాడు, పెళ్లి మాటలప్పుడు గోడకు ఆనుకుని మౌనంగా కూర్చుంటాడు. శిశుపాలుడి వెంట జరాసంధుడితో సహా రాజుల దండే దిగింది. అప్పుడు రుక్మిణి ఒక బ్రాహ్మణుణ్ణి ద్వారకకు పంపింది. సంస్కృత భాగవతంలో ఆయనకు పేరు లేదు. పోతన మాత్రం అగ్నిద్యోతనుడని పిలుచుకున్నాడు. కబురు మోసేవాడికి ఒక పేరైనా ఉండాలని తోచి ఉంటుంది.

ఆ కబురు పూర్తిగా వ్యవహారం తెలిసిన మనిషిది. అంతఃపురంలోకి వచ్చి బంధువులను చంపకుండా నన్నెలా తీసుకుపోవాలా అని నీకు అనుమానం రావచ్చు. పెళ్లికి ముందునాడు ఊరి బయట గౌరి గుడికి పంపడం మా ఇంటి ఆచారం. అక్కడికి రా, రాజులను గెలిచి రాక్షస పద్ధతిలో తీసుకుపో, నీ పరాక్రమమే నాకు ఓలి. ఇదీ సారాంశం. చివర్లో, నువ్వు రాకపోతే ప్రాణాలు విడుస్తాను, నూరు జన్మలెత్తైనా నిన్ను పొందుతాను అంటుంది. బెదిరింపు కాదది. జన్మల లెక్కలో మాట్లాడే మనిషికి తొందర ఉండదు, కాని తర్వాతి భాగంలో పోతన ఆ తొందరనే చూపిస్తాడు. బ్రాహ్మణుడు చేరాడో లేదో, దారిలో అలిసిపోయాడేమో, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడేమో, దైవం ఏం తలచిందో అని ఆ పిల్ల మనసు పరిపరి విధాలుగా పోతుంది. తెలుగు పద్యం పుట్టాక నిరీక్షణ మీద ఇంతకన్న గొప్ప పద్యాలు వచ్చాయా అంటే చెప్పడం కష్టం. నూరు జన్మలైనా ఆగుతానన్న మనిషికి ఒక్క సాయంత్రం గడవటం లేదు. ప్రేమించినవాళ్లకు ఈ రెండు లెక్కలూ ఒకేసారి నిజం.

రథం వచ్చింది, ఎక్కింది. మామూలు కథైతే అక్కడితో శుభం. ఇక్కడి నుంచి కథలో కొందరు పట్టించుకోని ముక్క ఒకటుంది. వెంటపడి వచ్చిన రుక్మిని కృష్ణుడు ఓడించి చంపబోతాడు. రుక్మిణి కాళ్లమీద పడి అన్న ప్రాణం అడుగుతుంది. చంపకుండా తలా మీసమూ సగం సగం గొరిగి వదిలేస్తాడు. బలరాముడికి అదీ నచ్చదు, తమ్ముణ్ణి మందలిస్తాడు, మరదలిని ఓదారుస్తాడు. అవమానంతో రుక్మి తిరిగి ఇంటికి పోక భోజకటమని ఇంకో ఊరు కట్టుకుంటాడు. తన ప్రేమకు అడ్డుపడినవాడు చావకూడదని ఆమె కోరుకుంది, ఇది ముఖ్యం. ఆ తర్వాత ఇంకో వింత. ఆ రుక్మి కూతురినే రుక్మిణి కొడుకు ప్రద్యుమ్నుడు పెళ్లాడాడు. కృష్ణుడి మీద పగ చావకున్నా చెల్లెలి మీది మమకారంతో రుక్మి ఒప్పుకున్నాడని భాగవతమే చెబుతుంది. అచ్చంగా మేనరికం! తెలుగింటి వాళ్లకు ఈ కథ అంతగా ఎందుకు పట్టిందో ఈ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. పగ పట్టిన అన్న వియ్యంకుడయ్యాడు. ఆ పగ తర్వాత మనవల పెళ్లిలో జూదం దగ్గర తేలి బలరాముడి చేతిలో రుక్మి చచ్చిపోతే, కృష్ణుడు అవునని గాని కాదని గాని అనలేకపోయాడు. ఒక పక్క అన్న, ఒక పక్క భార్య.

ఇవన్నీ బయటి అడ్డంకులు. అన్న, రాజులు, సేనలు. కల్యాణం పారాయణం చేసే పిల్ల ఇక్కడ ఆగిపోతుంది, పుస్తకం అంతే ఉంటుంది కాబట్టి. భాగవతం ఆగదు. చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి ద్వారకలో రుక్మిణి భర్తకు వీవన వీస్తుంటే ఆయన పరిహాసం మొదలుపెడతాడు. అంతమంది రాజులు నిన్ను కోరితే నన్నెందుకు ఎంచుకున్నావు? మేము రాజులకు భయపడి సముద్రంలో దాక్కున్నవాళ్లం, సింహాసనం లేనివాళ్లం, దరిద్రులకు ఇష్టులం. పెళ్లీ స్నేహమూ సమానుల మధ్య ఉండాలి. తెలియక పొరబడ్డావు, ఇప్పుడైనా నీకు తగిన రాజును చూసుకో. విన్న రుక్మిణి చేతి వీవన జారిపోతుంది, ఆమె స్పృహ తప్పి పడిపోతుంది. అన్న సేనలకు చలించని మనిషి భర్త నోటిమాటకు కూలిపోయింది. ఆయన కంగారుపడి లేవనెత్తి, వేళాకోళమాడానని బతిమాలుకుంటాడు. తేరుకున్న ఆమె ఆ మాటల్లో ఒక్కొక్కదాన్నీ తీసుకుని తిప్పికొడుతుంది. నువ్వు నాకు సమానుడివి కావు, నిజమే, నువ్వెక్కడ నేనెక్కడ. రాజులకు భయపడి దాక్కున్నావు, నిజమే, ఇంద్రియాలనే రాజులకు కనపడకుండా గుండెల్లో దాక్కున్నావు. ఈ ఘట్టాన్ని పెళ్లి కావలసిన పిల్లలకు ఎవరూ చదివించరు. చదివిస్తే బాగుండు. పెళ్లయ్యాక ఎదురయ్యే అడ్డంకి ఎలా ఉంటుందో అందులో ఉంది.

ఇక్కడే పాలకుర్తి కవి పక్కకు వచ్చి నిలబడతాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బెజ్జమహాదేవి అని ఒక భక్తురాలు. ఆమెకు శివుడి మీద పుట్టిన ప్రేమ ప్రియుడి మీద ప్రేమ కాదు. అందరికీ తల్లి ఉంది, ఈయనకు తల్లి లేదే అన్నది ఆమె దిగులు. తల్లే ఉంటే విషం తాగనిచ్చేదా, పాములు పట్టుకోనిచ్చేదా, బూడిద పూసుకుని వీధుల్లో అడుక్కోనిచ్చేదా! తనే తల్లి అయింది. లింగాన్ని ఒళ్లో పెట్టుకుని నలుగు పెట్టింది, నీళ్లు పోసింది, పాలు పట్టింది. శివుడు ఊరుకుంటాడా? జబ్బు చేసినట్టు నటించి పాలు తాగడం మానేశాడు. బిడ్డ బాధ చూడలేక ఆ తల్లి ప్రాణం తీసుకోబోయింది. అప్పుడు ప్రత్యక్షమయ్యాడు. సోమనాథుడు ఇదంతా జనం పాడుకునే ద్విపదలో, జానపదుల మాటల్లో చెప్పాడు. పండితుల భాష పక్కన పెట్టినందుకు కాదు, ఇలాంటి ప్రేమను పండితుల భాషలో చెప్పడం సాధ్యం కానందుకు అలా రాశాడనిపిస్తుంది.

చూడండి, పక్కపక్క ఊళ్ల ఇద్దరు కవులు, ఒకరి దేవుణ్ణి ఒకరు పెద్దగా లెక్కచేయని సంప్రదాయాల వాళ్లు, ఒకే చోటికి వచ్చారు. ప్రేమకు అన్నింటికన్నా పెద్ద అడ్డంకి పెట్టేది బయటివాడు కాదు, ప్రేమించబడినవాడే.

శ్రీనాథుడి దారి వేరు. శృంగార నైషధంలో అడ్డంకి ఇంకో రకం. నలుడు దమయంతిని ప్రేమించాడు, ఆమె అతణ్ణి ప్రేమించింది. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు దారిలో ఎదురై, అడిగింది చేస్తానని మాట తీసుకుని, తమ తరఫున దమయంతి దగ్గరికి రాయబారిగా వెళ్లమంటారు. తను ప్రేమించిన పిల్లకు, ఇంకొకరిని చేసుకోమని తనే చెప్పాలి. ఇచ్చిన మాటే ఇక్కడ గోడ. శ్రీనాథుడు ఈ సన్నివేశాన్ని ఎంత అందంగా తెనిగించాడో చెప్పక్కర్లేదు. కాని ఆయన మూలమైన శ్రీహర్షుడి కావ్యం పెళ్లితో, కొత్త దంపతుల విలాసాలతో ముగుస్తుంది. కలి పట్టడం, జూదం, అడవిలో నిద్రపోతున్న భార్య చీర సగం చింపుకుని నలుడు వెళ్లిపోవడం అందులో లేవు. అవి కావాలంటే నన్నయ అరణ్యపర్వానికి పోవాలి. ఆస్థాన కవికి కల్యాణంతో పని తీరుతుంది, పురాణం చెప్పేవాడికి ఆ తర్వాతే పని మొదలవుతుంది. నన్నయ దమయంతి అడవిలో ఏడుస్తూ కూర్చోదు. పుట్టింటికి చేరి, భర్త జాడ పట్టించి, చివరికి తనకు మళ్లీ స్వయంవరమని అబద్ధపు కబురు పంపి నలుణ్ణి రప్పిస్తుంది. రుక్మిణి లాగే ఆమె కూడా కబురు పంపడం తెలిసిన మనిషి.

రుక్మిణికి పెళ్లయింది. దమయంతికి భర్త తిరిగి వచ్చాడు. గోపికలకు ఏం జరిగింది? దశమ స్కంధంలో అసలు బరువంతా అక్కడుంది.

శరత్కాలపు వెన్నెల రాత్రి వేణువు విని వాళ్లు ఇళ్లు వదిలి వచ్చారు. భర్తలు, తండ్రులు, అన్నదమ్ములు ఆపితే ఆగలేదు. అంటే రుక్మి లాంటి అడ్డంకులు వాళ్లు మొదటి అడుగులోనే దాటేశారు. తీరా వచ్చాక కృష్ణుడు మాయమయ్యాడు. వాళ్లలో కొంత గర్వం కలిగిందని, దాన్ని అణచడానికి మాయమయ్యాడని పురాణం చెప్పే కారణం. చెట్టునూ తీగనూ అడుగుతూ వెతికారు. యమున ఇసుక తిన్నె మీద కూర్చుని పాడారు. మళ్లీ కనిపించినప్పుడు సంతోషంతో పాటు కోపమూ ఉంది. అందుకే సూటిగా ఒక ప్రశ్న వేశారు. కొందరు తమను ప్రేమించినవాళ్లను ప్రేమిస్తారు, కొందరు తమను ప్రేమించనివాళ్లనూ ప్రేమిస్తారు, కొందరు ఇద్దరినీ ప్రేమించరు. వీళ్లలో నువ్వెవరు? భక్తి వాఙ్మయంలో దేవుణ్ణి ఇంత ముఖాముఖి నిలదీసిన ప్రశ్న అరుదు.

కృష్ణుడి జవాబు రెండు ముక్కలు. ఇచ్చిపుచ్చుకునే ప్రేమ వ్యాపారం లాంటిది, అందులో స్నేహమూ లేదు ధర్మమూ లేదు అన్నాడు. నన్ను ప్రేమించినవాళ్లను నేను వెంటనే తిరిగి ప్రేమించను, వాళ్ల ధ్యాస గట్టిపడాలని అలా చేస్తాను. ధనం లేనివాడికి ధనం దొరికి పోతే దాన్ని తప్ప మరొకటి తలచడు, అలా. ఇది మొదటి ముక్క. తాత్వికంగా పొందికైన మాటే. మనసుకు మాత్రం పూర్తిగా ఎక్కదు. దొరికిన డబ్బు పోగొట్టుకున్న పేదవాడి బాధ ఎలాంటిదో వడ్డీలకు భూములు పోగొట్టుకున్న జనగామ రైతును అడిగితే చెబుతాడు. ఆ బాధను మంచి పని కోసం పెట్టానంటే, పెట్టినవాడిది కొంత కర్కశమే.

పురాణానికి ఆ సంగతి తెలుసు. అందుకే రెండో ముక్క. తెంచుకోలేని ఇంటి సంకెళ్లను తెంచుకుని మీరు నా కోసం వచ్చారు. దేవతల ఆయుష్షు పోసుకున్నా నేను మీ ఋణం తీర్చలేను. మీ మంచితనమే దాన్ని తీర్చుకోవాలి. అంటే అప్పుపడ్డానని దేవుడు ఒప్పుకున్నాడు, తీర్చలేనని కూడా ఒప్పుకున్నాడు. అడ్డంకి ఎందుకు పెట్టావన్న ప్రశ్నకు కారణం చెప్పడం కంటే ఈ ఒప్పుకోలే సరైన జవాబులా ఉంది. కారణం వాదనకు నిలబడుతుందో లేదో గాని, అప్పు అప్పే.

తర్వాత ఆయన మథురకు వెళ్లిపోయాడు, మళ్లీ రేపల్లె రాలేదు. ఉద్ధవుణ్ణి పంపాడు. ఉద్ధవుడు చదువుకున్నవాడు, కృష్ణుడు మీ లోపలే ఉన్నాడని జ్ఞానం బోధించాడు. ఒక గోపిక పక్కన ఎగిరిన తుమ్మెదను పట్టుకుని ఆ రాయబారానికంతా జవాబు చెప్పేసింది. దెప్పింది, ఎగతాళి చేసింది, చివరికి క్షేమం అడిగింది. ఆమెకు భాగవతం పేరు పెట్టలేదు. రాధ అని మనం తర్వాత పెట్టుకున్నాం. బోధించడానికి వచ్చిన ఉద్ధవుడు, ఈ ఆడవాళ్ల పాదధూళి తగిలే చోట ఒక పొదగానో గడ్డిగానో పుడితే చాలని కోరుకుంటూ తిరిగి వెళ్లాడు. మరి కలుసుకోనే లేదా? ఒకసారి కలుసుకున్నారు. సూర్యగ్రహణానికి కురుక్షేత్రంలో స్నానాలకు అందరూ వచ్చినప్పుడు నందుడు, యశోద, గోపికలు కూడా వచ్చారు. ఏళ్ల తర్వాత చూసుకున్నారు. ఆయనకు అప్పటికి కుటుంబం ఉంది, మనవలున్నారు. కొన్నాళ్లు ఉండి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. అంతే. కల్యాణం లేదు.

అయినా నారదుడి పేరున్న భక్తిసూత్రాలు ప్రేమకు ఉదాహరణ చెప్పవలసి వచ్చినప్పుడు పట్టపురాణులను కాదు, ఈ గోపికలను చూపించాయి. భక్తిలో పదకొండు రీతులు లెక్కబెట్టి ఎడబాటులోని ఆసక్తిని చిట్టచివర, అన్నింటికీ పైన పెట్టాయి.

దీనికి ఒక సాంకేతిక కారణం నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో దొరుకుతుంది. ఎడబాటు శృంగారంలోనూ ఏడుపే, కరుణంలోనూ ఏడుపే, మరి రెంటికీ తేడా ఏమిటని భరతుడు తనకు తానే ప్రశ్న వేసుకుంటాడు. జవాబు ఒక్క మాటలో: అపేక్ష. కలుస్తామన్న ఆశ ఉంటే అది ప్రేమ, ఆశ తెగిపోతే అది శోకం. ఈ కొలతతో చూస్తే రుక్మిణిది తేలిక. ఆమె ఆశకు ఆధారం ఉంది, రథం రావచ్చు. గోపికలకు ఏ ఆధారమూ లేదు. లోకం లెక్కలో వాళ్లది శోకం కావాలి, కాని కాలేదు. ఆధారం పోయాక కూడా తెగని ఆశను ఏమనాలో అలంకారశాస్త్రానికి తెలియలేదు. భక్తి శాస్త్రం దానికి పేరు పెట్టుకుంది.

ఇంతవరకు వచ్చాక ఒక అభ్యంతరం ఎవరికైనా తోస్తుంది, తోచాలి కూడా. ఎదురు చూసేది ఎప్పుడూ ఆడవాళ్లేనా? రుక్మిణి, దమయంతి, గోపికలు, బెజ్జమహాదేవి. పరీక్ష పెట్టేది మగ దేవుడు, రాసేది మగ కవి. న్యాయమైన ఫిర్యాదే. కొంత సర్దుబాటు మన కవులే చేశారు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో అలిగిన సత్యభామ కాళ్లమీద కృష్ణుడి తలను పెట్టించాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ఇంకా ముందుకు వెళ్లింది. ఆమె రాధికా సాంత్వనంలో రాధ తాను పెంచిన ఇళాదేవిని తనే కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తట్టుకోలేక కుమిలిపోతుంది. అడ్డంకిని తెచ్చిపెట్టుకున్నది తనే. బతిమాలవలసిన పని మాత్రం కృష్ణుడిది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గాని ఆ నిషేధం పోలేదు. మగకవుల శృంగారానికి రాని కోపం ఆడమనిషి రాస్తే వచ్చిందని నాగరత్నమ్మ అప్పుడే నిలదీసింది.

ఇక పుస్తకాల బయట. రుక్మిణి కథను మొక్కుగా చదివించే ఇళ్లలోనే, రుక్మిణి చేసిన పని కూతురు చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి పెళ్లి చేసుకున్న పెద్దవాళ్ల మధ్యకు కుటుంబమో కులమో వచ్చే హక్కు లేదని తేల్చి చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరి, మిగిలిన దోషులకు యావజ్జీవం వేసింది. రుక్మి కూడా కత్తి పట్టుకునే వెంటపడ్డాడు. కాని పోతన కథలో ఆ కత్తి దిగలేదు, పైగా చెల్లెలు అన్న ప్రాణానికి అడ్డుపడింది, అన్న కొన్నేళ్లకు పిల్లనిచ్చాడు. మండలం రోజులు పారాయణం చేసే ఇళ్లలో ఆ భాగాన్ని తల్లిదండ్రులూ అన్నదమ్ములూ చదవాలి. మొక్కు వాళ్లది కావాలి, పిల్లది కాదు.

చిట్యాల జనానికి గోపికల కురుక్షేత్రం లాంటిది దగ్గర్లోనే ఇంకొకటి ఉంది, దాన్ని ఏ మహాకవీ రాయలేదు. ములుగు అడవుల్లో మేడారం. కోయల కథనంలో సమ్మక్క భర్త పగిడిద్దరాజు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేనలు వస్తే పోరులో ఆయన పోయాడు, బిడ్డలు పోయారు, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనపడకుండా పోయింది, కుంకుమ భరిణ మాత్రం దొరికింది. ఇప్పుడు భార్య ఉండేది చిలుకలగుట్ట మీద, భర్త ఉండేది మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్లలో. రెండేళ్లకోసారి మాఘమాసంలో పూనుగొండ్ల నుంచి పూజారులు పగిడిద్దరాజును అడవి దారిన నడిపించుకుని మేడారం తెస్తారు. ఆయన ముందురోజే వచ్చి గద్దె మీద ఆగుతాడు, మర్నాడు సమ్మక్క గుట్ట దిగుతుంది. 2024లో ఆ జాతర ఫిబ్రవరి 21, బుధవారం మొదలై 24, శనివారంతో ముగిసింది. నాలుగో రోజు వనప్రవేశం. ఆ సాయంత్రం సమ్మక్క చిలుకలగుట్టకు, కూతురు సారలమ్మ కన్నెపల్లికి, అల్లుడు గోవిందరాజు కొండాయికి వెళ్లిపోయారు. పగిడిద్దరాజు వచ్చిన దారినే పూనుగొండ్లకు బయలుదేరాడు.